హైమా దాటాక గాలి పట్టిన లారీ

మస్కట్ నుంచి సలాలాకు రోడ్డు మీద సుమారు 1000 కిలోమీటర్లు. విమానమెక్కితే కాఫీ తాగి పత్రిక తిరగేసేలోగా దిగిపోవచ్చు. అయినా ప్రతి ఏటా జూన్ నెలాఖరు వచ్చేసరికి మనవాళ్ళలో చాలా కుటుంబాలు కారులో నీళ్ళ డబ్బాలు, పులిహోర పొట్లాలు సర్దుకుని రోడ్డు మార్గానే బయలుదేరుతాయి. కారణం ఖరీఫ్. అరబ్బీలో ఆ మాటకు అసలు అర్థం శరదృతువు. మన వ్యవసాయశాఖ వారి ఖరీఫ్ కూడా ఆ మాటే. అక్కడ వరినాట్లు, ఇక్కడ కొండలకు పట్టిన పొగమంచు. సముద్రం మీది మేఘాలు వచ్చి దోఫార్ కొండల దక్షిణపు వాలుకు తగులుకుని మూడు నెలలపాటు సన్నటి తుంపర కురిపిస్తాయి. గడ్డి మొలుస్తుంది. మిగతా గల్ఫ్ అంతా పెనం మీద ఉన్నప్పుడు సలాలాలో 25 డిగ్రీలు.

ఆ పచ్చదనాన్ని చేరుకునే ముందు దాటవలసిన ఎడారి గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. "దారిలో ఏమీ లేదండీ" అంటారు. నిజ్వా, ఆదమ్ దాటేవరకు కొండలు, ఖర్జూరపు తోటలు, కోటలు కనుపిస్తాయి. ఆదమ్ తరువాత నిజంగానే ఏమీ లేనట్టే ఉంటుంది. సినిమాల్లో చూపించే ఇసుక తిన్నెలు కూడా కావవి. గులకరాళ్ళు పరచిన బల్లపరుపు నేల, రోటి మీద రుద్దినంత చదును. ఘాబా, హైమా, ఘఫ్తైన్, ఖిత్బిత్, తుమ్రైత్: పటం మీద ఊళ్ళలాగానే ఉంటాయి. వీటిలో హైమా ఒక్కటే ఊరనదగినది. అల్ వుస్తా ప్రాంతానికి అదే ముఖ్యపట్టణం. మిగిలినవాటిలో కొన్నింటిని పెట్రోలు బంకు, టీకొట్టు, మసీదు, ఒక విశ్రాంతి గృహం కలిస్తే ఊరనుకోవాలి.

ఏమీ లేదనుకోవడం పూర్తిగా న్యాయం కాదు లెండి. హైమాకు తూర్పున ఉన్న జిద్దత్ అల్ హరాసిస్ మైదానం తెల్ల ఒరిక్సుల నేల. పొడుగాటి నిటారు కొమ్ములుండే ఆ జింకజాతి మృగం 1972 నాటికి అడవిలో పూర్తిగా అంతరించింది. ఎక్కడెక్కడో జంతుశాలల్లో పెంచిన పిల్లలను తెచ్చి 1982లో ఇక్కడే మళ్ళీ వదిలారు. 1994లో ఆ అభయారణ్యం యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. వేట వల్ల మంద తగ్గి, ప్రభుత్వం అభయారణ్యం విస్తీర్ణాన్ని బాగా కుదించిన మీదట 2007లో జాబితా నుంచి తొలగించారు. ఆ జాబితాలోంచి అలా బయటకు వెళ్ళిన మొట్టమొదటి స్థలం అదే. మా పిల్లలు కిటికీలోంచి ఒరిక్సు కోసం ఐదు గంటలు చూశారు, ఒంటెలు కనుపించాయి.

1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఈ దేశం మొత్తంలో తారు రోడ్డు పది కిలోమీటర్లకు మించి లేదని చెబుతారు. ఇవాళ ఈ ఎడారి మధ్యగా పోయే రోడ్డు మీద ఉత్తరాన్నుంచి సిమెంటు, కోళ్ళు, మంచినీళ్ళ సీసాలు దిగుతుంటే, దక్షిణం నుంచి కొబ్బరికాయలు, అరటిగెలలు ఎక్కుతుంటాయి. మోసేవి లారీలే. వాటి చక్రం పట్టుకున్నవాళ్ళలో పంజాబీలు, పఠాన్లు, మలయాళీలతోపాటు మన జగిత్యాల, నిజామాబాదు, కడప ప్రాంతాల వాళ్ళు కూడా ఉంటారు. మన ఉగాది సభల్లో వాళ్ళు కనుపించరు. సెలవు దొరకదు, దొరికినా రువి దాకా రావడానికి ఛార్జీలు దండగ.

ఘఫ్తైన్ దాటి ఖిత్బిత్ ఇంకా ఉందనగా, సాయంకాలం నాలుగు గంటలకు, రోడ్డు పక్కన మట్టిలోకి దింపి ఆపిన చల్లపెట్టె లారీ ఒకటి కనుపించింది. క్యాబిన్ ముందుకు వంచి ఉంది. బయట 44 డిగ్రీలని కారు చెబుతోంది. ఆ ఎండలో ఎవరిని చూసినా ఆగి నీళ్ళివ్వడం ఈ రోడ్డు మర్యాద. ఆగాం. లారీ కింద నుంచి డీజిలు మరకల చేతులతో ఒకాయన బయటికి వచ్చి, మా ఆవిడ పిల్లల్ని కేకలేసే భాష విని నవ్వేశాడు.

"మీరు తెలుగోళ్ళా సార్? మాది జగిత్యాల దిక్కు."

ఏమైందంటే, "ఎయిర్ వట్టింది సార్" అన్నాడు. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. ప్రతిసారీ ఎయిర్ తీస్తున్నాడు, బండి లేస్తోంది, ముప్పై నలభై కిలోమీటర్లు పోయి గుక్కిళ్ళు మింగినట్టు కొట్టుకుని ఆగిపోతోంది. వెనుక పెట్టెలో గడ్డకట్టిన కోడిమాంసం ఉంది. పెట్టె నెత్తి మీద దానికి వేరే చిన్న డీజిలు ఇంజను, వేరే ట్యాంకు. అది మాత్రం హాయిగా గుర్రుమంటూ నడుస్తోంది. పెద్ద ఇంజను చచ్చిపడి ఉంది. చిన్న ట్యాంకులో నూనె తెల్లవారేదాకా వస్తుందని అతని లెక్క. సరుకు కరిగితే నష్టం జీతంలో కోస్తారట. కంపెనీలో సూపర్వైజరుకు ఫోను చేస్తే "సెల్ఫ్ కొడుతూ ఉండు, అదే లేస్తుంది" అన్నాడట.

"ఊకె సెల్ఫ్ కొడితే బ్యాటరీ వండుకుంటది సార్. ఇంక నాలుగు సార్లు కొట్టొచ్చు, గంతే" అన్నాడు. నా కారు బ్యాటరీ నుంచి తీగలు తగిలిద్దామన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. లారీకి 24 వోల్టులు, కారుకు 12. నిజమే. ఈ సంగతి మనలో కారు నడిపేవాళ్ళందరూ గుర్తుంచుకోవాలి: ఎడారిలో లారీకి కారుతో ప్రాణం పోయలేం.

ఇక్కడ కాస్త ఆగి ఎయిర్ పట్టడమంటే ఏమిటో చెప్పాలి. మన సభ్యుల్లో చమురు కంపెనీల ఇంజనీర్లున్నారు, వాళ్ళకిది చిన్నబడి పాఠం. వైద్యులకు, లెక్కల వారికి, బ్యాంకుల వారికి అంతగా తెలియకపోవచ్చు. మన కార్లు ఎక్కువ భాగం పెట్రోలువి, అందులో పంపు ట్యాంకులోనే మునిగి ఉండి ముందుకు నెట్టుతుంది. నెట్టే గొట్టానికి చిల్లుపడితే పెట్రోలు బయటికి కారుతుంది, గాలి లోపలికి పోదు. అందుచేత ఈ జబ్బు మనకు పరిచయం లేదు.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కి వేడెక్కించి, సరిగ్గా ఆ క్షణాన నూనెను మంచు తుంపరలా చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1890ల్లో మొదలుపెట్టిన పద్ధతి. ఆ చిమ్మేది నాజిల్. నిండు బరువుతో ఎక్కే లారీలో కూడా ఒక్కో దెబ్బకు ఒక్కో నాజిల్ చిమ్మేది కొద్ది బొట్ల నూనె మాత్రమే. పాతకాలపు ఇంజన్లలో నాజిల్ మూత తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ల ఒత్తిడి కావాలి, అంటే మన కారు టైరులో ఉండేదానికి దాదాపు వందరెట్లు. ఈ కాలపు కామన్ రైల్ ఇంజన్లలో అది 2000 బార్లు, ఆపైన కూడా.

ఒత్తిడి పెట్టే పంపు ఏం చేస్తుందంటే, గొట్టంలోని నూనె కడ్డీని వెనకనుంచి ఒక్క పోటు పొడుస్తుంది. నూనె దాదాపుగా అణగదు గనుక ఆ పోటు ఇనుప చువ్వ మీద కొట్టినట్టు అవతలి కొసకు చేరి మూతను తోస్తుంది. మధ్యలో చిన్న గాలి బుడగ ఉందనుకోండి. పోటంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది. బుడగ అణుగుతుంది, పోటు తీయగానే మళ్ళీ ఉబ్బుతుంది. మూత తెరుచుకోదు, నూనె పడదు. చువ్వ బదులు దూదిదిండుతో తలుపు పొడిచినట్టు. కొద్దిపాటి గాలయితే కొన్ని సిలిండర్లు పలికి కొన్ని పలకవు. ఇంజను తాళం తప్పిన డోలులా కొట్టుకుంటుంది, వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది, ఎక్కుడులో బలం పోతుంది, సగం కాలిన నూనె తెల్లపొగగా వస్తుంది. గాలి బాగా చేరితే ఎంత సెల్ఫ్ కొట్టినా లేవదు. మరో నష్టం కూడా ఉంది. ఆ పంపుకీ నాజిళ్ళకీ డీజిలే కందెన, డీజిలే చలువ. వెంట్రుకలో ఎన్నో వంతు సందుతో కూర్చున్న ఉక్కు భాగాలవి, గాలితో పొడిగా తిరిగితే గీసుకుపోతాయి.

ఇదంతా అతను నాకు ఈ మాటల్లో చెప్పలేదనుకోండి. అతను చెప్పింది ఇంకా బాగుంది. "మన దిక్కు బాయికాడ ఆయిల్ ఇంజన్ ఉంటది గదా సార్. పైపుల నీళ్ళు లేకుంటే ఎంత తిప్పినా గుంజదు. నింపి, ఎయిర్ తీస్తెనే గుంజుతది. గిది గూడ గదే."

చిన్నప్పుడు పొలాల వెంట తిరిగినవారికి ఇంక చెప్పనక్కర్లేదు. బావిలోకి దిగిన గొట్టం అడుగున ఫుట్‌వాల్వు, పైనుంచి బిందెతో నీళ్ళు పోయడం, పేడనీళ్ళు కూడా పోయడం, గొట్టం అతుకుల దగ్గర బంకమట్టి మెత్తడం. ఆ మట్టి ఎందుకు మెత్తేవారో నాకు ఆ రోజు సాయంకాలం ఎడారిలో అర్థమైంది. నీళ్ళు కారకుండా కాదు. పీల్చే గొట్టంలోంచి నీళ్ళు కారవు. అక్కడ బయటి గాలి ఒత్తిడి ఎక్కువ, లోపల తక్కువ, చిల్లుంటే గాలే లోపలికి దూరుతుంది. ట్యాంకు నుంచి లిఫ్టుపంపు దాకా లారీలోనూ అంతే. అదీ ఈ జబ్బులో మాయ: చిల్లు ఉంటుంది, చుక్క కారదు, తడి కనుపించదు. రాత్రి బండి ఆపి ఉంచితే ఆ చిల్లులోంచి గాలి దూరి నూనె మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, పొద్దున్నే లేవనని మొరాయిస్తుంది. లాగుడు ఎక్కువైనకొద్దీ పీల్పు ఎక్కువ, గాలీ ఎక్కువ. నూనె అయిపోయి ఆగిన బండికి, ఫిల్టరు మార్చి నింపకుండా బిగించిన బండికి గాలి ఒకసారి పడుతుంది, తీస్తే పోతుంది. తీసినా తీసినా పడుతోందంటే ఎక్కడో లోనికి తాగుతోందన్నమాట. పల్లెల్లో మనిషికి గాలి సోకిందంటే వేపమండలు తెస్తారు, లారీకి సోకితే పానాలు తేవాలి.

మా ఆవిడ ఆసుపత్రిలో పనిచేస్తుంది. లారీ పక్కన నీడలో నిలబడి అంతా విని, "ఇది మేం రోజూ చేసేదే కదా" అంది. సెలైన్ పెట్టేముందు గొట్టంలోంచి ద్రవం వదిలి గాలి పోగొట్టాకే సూదికి తగిలిస్తారు. పెద్దమొత్తంలో గాలి సిరలోకి పోయి గుండె కుడిగదికి చేరితే, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, నురగను నొక్కి వదులుతుంటుంది, రక్తం మాత్రం ముందుకు పోదు. మెడ సిరలో పెట్టిన గొట్టం తీసేటప్పుడు రోగిని తల కిందికి ఉండేలా పడుకోబెడతారు. కూర్చోబెట్టి తీస్తే రక్తం కారకపోవచ్చు, ఊపిరి పీల్చినప్పుడు గాలే లోపలికి పోతుంది. "చుక్క కారని చిల్లు" అని మేం లారీ గురించి అనుకున్నదే ఆవిడ అలా చెప్పింది. జగిత్యాల మనిషి ఇది విని, "అక్కా, నువ్వు గూడ మెకానిక్‌వే" అన్నాడు. అప్పటికి నేనూ 'సార్' నుంచి 'అన్న' అయ్యాను.

ఇక అతని పని. డ్రైవరు సీటు వెనుక పెట్టెలో మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టం బారెడు ఉంది. లిఫ్టుపంపుకు వచ్చే అసలు గొట్టం ఊడదీసి, దాని బదులు ఈ ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొస ఒక డబ్బాలోని డీజిలులో ముంచాడు. నన్ను ఆ గొట్టం కేసి చూడమని చేతిపంపు కొట్టాడు. మొదట నురగ, ఆ తరువాత బుడగలు, తరువాత కాస్త పచ్చగా ఉన్న నూనె, ఒక్క బుడగ లేకుండా. "అయితే పంపు కాడ ఏం లేదు. ట్యాంకు కాడికెల్లి పంపు దాక ఉన్న పైపుల్నే ఉన్నది దొంగ" అన్నాడు. ఒక్క మారుపుతో సగం లారీని అనుమానితుల జాబితాలోంచి తీసేశాడు! ఎన్ని పరీక్షలు వ్రాస్తే మాత్రం ఇంతకంటె శుభ్రమైన తర్కం అబ్బుతుంది?

తరువాత గొట్టాన్ని అంగుళం అంగుళం వేళ్ళతో తడుముతూ వంచి చూశాడు. ట్యాంకు దగ్గర క్లిప్పు కింద, రబ్బరు ఎండకు గట్టిపడి, వంచితే తప్ప కనుపించని జానెడు వెంట్రుకలో నాలుగో వంతు గీత. ఈ దేశపు ఎండల్లో రబ్బరు వయసు ఏళ్ళతో లెక్కపెట్టకూడదు. ఆ కొస రెండంగుళాలు కోసి పారేసి, మిగిలినది లాగి మళ్ళీ తొడిగి, క్లిప్పు బిగించాడు. పొడుగు సరిపోవడం అదృష్టం.

అప్పుడు అసలు ఎయిర్ తీయడం. ఫిల్టరు నెత్తిన ఉన్న స్క్రూ అరచుట్టు వదులు చేసి చేతిపంపు కొట్టాలి. సబ్బునురగలా వస్తుంది. కొడుతూనే ఉండాలి. అతను అలసిపోతే నేను కొట్టాను, నేను అలసిపోతే మా పెద్దవాడు కొట్టాడు. నురగ పోయి నూనె తీగలా కారినప్పుడు, కొట్టడం ఆపకుండానే స్క్రూ బిగించాలి, ఆపితే మళ్ళీ గుటక వేస్తుంది. తరువాత పెద్దపంపు మీది స్క్రూ దగ్గర ఇదే తంతు. ఆపైన రెండు నాజిళ్ళ నట్లు వదులు చేసి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు, పది అంకెలు లెక్కపెట్టి వదిలేయమన్నాడు. నట్ల దగ్గర మొదట చిటపటమంది, తరువాత నూనె దెబ్బదెబ్బకూ ఉమిసింది. నట్లు బిగించి సెల్ఫ్ మోటారు చల్లారడానికి రెండు నిమిషాలు కూర్చున్నాం. రెండో సెల్ఫ్‌కు ఒక సిలిండరు పలికింది, తరువాత మూడు, ఒక తెల్లపొగ మబ్బు, తరువాత ఆరూ కలిసి ఒకే గొంతుతో. మా చిన్నది చప్పట్లు కొట్టింది.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పడం మంచిది. నాజిల్ నట్లు విప్పే ఈ చివరి పద్ధతి పాతకాలపు పంపున్న ఇంజన్లకు మాత్రమే. కామన్ రైల్ ఇంజను మీద ఎవరూ ఈ ప్రయోగం చేయకూడదు. 2000 బార్ల ఒత్తిడితో వచ్చే నూనెధార చర్మాన్ని సూదిలా చీల్చి లోపలికి పోతుంది. పైకి ఆవగింజంత గాటే ఉంటుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండదు, గంటల్లో చెయ్యి కుళ్ళే స్థితి వస్తుంది. అలాంటివాళ్ళను వెంటనే ఆపరేషను బల్ల ఎక్కించాలని మా ఆవిడ అంటుంది. మనలో కొందరి దగ్గర డీజిలు జీపులున్నాయి గనుక చెబుతున్నాను. వాటికి ఫిల్టరు దగ్గర చేతిపంపు ఉంటే అంతవరకు కొట్టుకోవచ్చు, ఆపైన చెయ్యి పెట్టవద్దు.

పొద్దు వాలుతుండగా బయలుదేరాం. అతను ముందు, మేం వెనుక, ఖిత్బిత్ దాకా. ఈ రోడ్డును రెండుగా విడదీసే పని భాగాలు భాగాలుగా ఏళ్ళ తరబడి సాగింది. ఒంటిరోడ్డు ముక్కల మీద రాత్రివేళ ఎదురుగా వచ్చే దీపాలు, అడ్డం వచ్చే ఒంటెలు, పక్కన ఆగి ఉన్న బళ్ళు, ఎంతమంది ప్రాణాలు తీశాయో పాతకాపులకు తెలుసు. వెనుక దీపం ఆరిన లారీ చీకట్లో రోడ్డు పక్కన ఉండడమంటే ఏమిటో తలచుకుంటే, కోడిమాంసం సంగతి చిన్నదే అనిపిస్తుంది. ఖిత్బిత్‌లో టీ తాగాం. డబ్బు అతనే ఇచ్చాడు, మమ్మల్ని ఇవ్వనియ్యలేదు. పులిహోర పొట్లం మాత్రం తీసుకున్నాడు. పదకొండేళ్ళుగా ఈ రోడ్డు మీద ఉన్నాడట, సలాలాలో ఖరీఫ్ జాతర ఒక్కసారీ చూడలేదట. సరుకు దింపగానే తిరుగు లోడు. మర్నాడు మధ్యాహ్నం ఫోను చేశాడు: సరుకు గట్టిగానే దిగింది, తుమ్రైత్‌లో గొట్టం మొత్తం కొత్తది వేయించాడు, డబ్బు తన జేబులోంచే పెట్టుకున్నాడు, బిల్లు ఇస్తే కంపెనీ ఇస్తుందో లేదో చూడాలి.

మేం ఆ రాత్రి తుమ్రైత్‌లో ఆగి తెల్లవారి బయలుదేరాం. అక్కడి నుంచి సలాలా 80 కిలోమీటర్లు. సగం దూరంలో రోడ్డు పక్కనే వాదీ దౌకా, లుబాన్ చెట్ల లోయ. సాంబ్రాణిలా పొగవేసే ఆ జిగురు ఒకప్పుడు ఇక్కడి నుంచి రోము దాకా వెళ్ళింది. 2000 సంవత్సరంలో యునెస్కో వారు ఈ లోయను, పాత రేవులను కలిపి జాబితాలో చేర్చారు. చెట్లను చూస్తే మాత్రం మన రేగుచెట్టుకున్న అందం కూడా ఉండదు. గీరిన చోట పాలబొట్లు గట్టిపడి ఉంటాయి, ముట్టుకుంటే వేళ్ళకు రోజంతా వాసన.

తరువాత కొండనెత్తి. అక్కడ ఒక గీత ఉంటుంది, నిజంగానే గీత. ఇవతల బూడిదరంగు రాయి, ఎండ. అవతల నాలుగు గజాల్లో గడ్డి, మంచు. అద్దం మీద తుంపర పడుతుంది, కిటికీ దింపగానే తడిమట్టి వాసన. అక్కడి నుంచి మైదానం దాకా నిటారు దిగుడు. లారీలన్నీ తక్కువ గేరులో, దీపాలు వేసుకుని, ఒకదాని వెనుక ఒకటి మంచులోకి దిగుతుంటాయి. ట్యాంకులో నూనె అడుగంటిన బండి ఈ దిగుడులో ముక్కు వంచితే పీల్చే గొట్టం కొస తేలిపోయి గాలి తాగుతుందట. అందుకే పాత డ్రైవర్లు తుమ్రైత్ బంకులో నింపుకోకుండా కొండ దిగరని ఖిత్బిత్ టీకొట్టులో మా జగిత్యాల తమ్ముడు చెప్పాడు. మేం దిగేటప్పుడు ముందు మూడు లారీలున్నాయి. దారి పొడుగునా హారను కొట్టకుండా వాటి వెనకే పోయాం.